బోడీ ఘోస్ట్ టౌన్‌కి గుంపుగా వెళ్లాలంటే: బే ఏరియా తెలుగువాళ్ల కోసం పూర్తి ప్లాన్

లాంగ్ వీకెండ్ దగ్గరపడితే బే ఏరియాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేర్లు ఎప్పుడూ అవే: యోసెమిటీ, టాహో, మాంటరే. అవన్నీ చూసేసినవాళ్లకి నేను ముందుగా చెప్పే పేరు బోడీ. సియెరా నెవాడా కొండలకు అవతలి వైపు, నెవాడా సరిహద్దుకు దగ్గర్లో 8,379 అడుగుల ఎత్తున ఉన్న పాత బంగారు గనుల ఊరు. 1880 ప్రాంతంలో అక్కడ ఎనిమిది వేల మంది దాకా ఉండేవారని అంచనా. ఇప్పుడు ఉండేది పార్కు సిబ్బంది మాత్రమే. ఇళ్లలో కుర్చీలు, మంచాలు, బడిలో బెంచీలు, కొట్లో అల్మరాల మీద డబ్బాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక్కడికి ఇద్దరు వెళ్తే పెద్దగా ప్లానింగ్ అక్కర్లేదు. నాలుగు కుటుంబాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఐదేళ్ల పిల్లలు, మూడు కార్లు అంటే కథ వేరు. ఫోన్ సిగ్నల్ లేదు, తిండి దొరకదు, చివరి మూడు మైళ్లు మట్టిరోడ్డు. వీటన్నిటికంటే పెద్ద విషయం, ఆ కొండల నిండా వదిలేసిన గనులున్నాయి. అందుకే ముందు గనుల గురించి మాట్లాడి, తర్వాత హోటళ్లూ పులిహోరా చూద్దాం.

1. గనిలోకి వెళ్లం అని ముందే తేల్చుకోండి

ఈ మాట బయల్దేరకముందే, అందరూ ఉన్న గ్రూప్ కాల్‌లో అనుకోవాలి. తీరా అక్కడికెళ్లాక కొండలో చీకటి కన్నం కనబడితే, "రెండడుగులు వేసి ఫోటో తీసుకుని వచ్చేద్దాం" అనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. అప్పుడు వాదన పెట్టుకోవడం కష్టం.

కాలిఫోర్నియాలో వదిలేసిన గనులు దాదాపు 47,000 ఉంటాయని రాష్ట్ర ప్రభుత్వ అంచనా. వాటిలో ప్రాణం తీసేవి సినిమాల్లో చూపించినట్టు పైకప్పు కూలడం ఒక్కటే కాదు. మొదటిది గాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. గాలి ఆడని సొరంగంలో కుళ్లుతున్న కలప, తుప్పుపట్టే ఖనిజాలు ఆ ఆక్సిజన్‌ని తినేస్తాయి. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు రాదు. మనిషి కాస్త మత్తుగా అనిపించి కూలబడిపోతాడు. అతన్ని లాగడానికి పరిగెత్తిన రెండోవాడు కూడా అక్కడే పడిపోతాడు. ఎవరైనా లోపల పడిపోతే వెనక వెళ్లకూడదు, సిగ్నల్ దొరికే చోటికి వెళ్లయినా 911కే ఫోన్ చేయాలి. వినడానికి కఠినంగా ఉన్నా ఈ రూలు పిల్లలకి కూడా చెప్పండి. గుంపులో గోదావరిఖని, కొత్తగూడెం వైపు వాళ్లుంటే వాళ్లకి ఇదంతా చెప్పనక్కర్లేదు. బాయిలో గాలి సంగతి ఇంట్లోనే విని ఉంటారు.

రెండోది నేల. సొరంగం అడుగున కింది అంతస్తుకి దిగే నిలువు బావులుంటాయి. వాటిమీద ఎప్పుడో పరిచిన చెక్కలు వందేళ్లుగా కుళ్లి, పైన మట్టి పేరుకుని, మామూలు నేలలాగే కనిపిస్తాయి. బయటున్న నిలువు బావుల అంచులు కూడా నమ్మదగ్గవి కావు. పైన గట్టిగా ఉన్నా కింద మట్టి జారిపోయి ఉంటుంది. మూడోది, వదిలేసిన డైనమైట్. పాతబడితే అందులోంచి నైట్రోగ్లిజరిన్ చెమటలా బయటికొస్తుంది, ముట్టుకుంటే పేలొచ్చు. ఎక్కడైనా పాత పెట్టె, తీగ, చిన్న రాగి గొట్టం కనబడితే చేయి పెట్టకుండా అక్కడినుంచి వెనక్కి వచ్చేసి, రేంజర్‌కి గాని షెరిఫ్ ఆఫీసుకి గాని చెప్పండి.

మరి గని లోపల ఎలా ఉంటుందో చూడాలనే కోరిక సంగతి? దానికి రెండో అడుగు ఉంది.

2. ముందు ఇంటి దగ్గర ఒక రిహార్సల్

పెద్ద ట్రిప్‌కి నెల ముందు ఒక శనివారం ఆంటియోక్ దగ్గర బ్లాక్ డైమండ్ మైన్స్ రీజనల్ ప్రిజర్వ్‌కి వెళ్లండి. 1860ల నుంచి బొగ్గు, తర్వాత 1949 దాకా గాజు తయారీకి ఇసుక తవ్విన కొండలివి. నార్టన్‌విల్, సోమర్స్‌విల్ లాంటి ఐదు గని ఊళ్లు ఇక్కడ ఉండి మాయమైపోయాయి. మిగిలిన రోజ్ హిల్ శ్మశానంలో సమాధి రాళ్లు చదివితే, గని ఊళ్లలో పిల్లలు ఎంత చిన్న వయసులో పోయేవారో అర్థమవుతుంది. ముఖ్యంగా ఇక్కడ హేజెల్-అట్లాస్ ఇసుక గనిలోకి గైడ్‌తో పాటు వెళ్లొచ్చు. గాలి, పైకప్పు పరీక్షించిన సొరంగం, తలకి హెల్మెట్. చిన్నపిల్లలకి వయసు పరిమితి ఉంటుంది. టూర్లు అన్ని రోజులూ ఉండవు. కాబట్టి ముందే చూసుకుని బుక్ చేయండి.

శాన్ హోసెలో ఉండేవాళ్లకి అల్మడెన్ క్విక్‌సిల్వర్ కౌంటీ పార్క్ ఇంకా దగ్గర. అక్కడ తీసింది పాదరసం. గోల్డ్ రష్ కాలంలో రాయి నుంచి బంగారం విడదీయడానికి ఆ పాదరసమే కావాల్సి వచ్చింది. అందుకే బోడీ కథకి ఇది మొదటి అధ్యాయం అనుకోవచ్చు.

ఈ రిహార్సల్‌లో మీరు నిజంగా చూడాల్సింది గుంపుని. ఎవరు ఆలస్యంగా వస్తారు, ఎవరికి మోకాళ్ల నొప్పి, ఏ పిల్లాడు కంచె కనబడితే ఎక్కుతాడు, ఎవరు పది నిమిషాలకోసారి ఫోటో కోసం ఆగుతారు. ఇవి తెలిస్తే బోడీ రోజు షెడ్యూల్ దానంతటదే తయారవుతుంది.

3. ఎప్పుడు వెళ్లాలి

జూన్ చివర నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. నా ఓటు సెప్టెంబర్‌కి. ఎండ తగ్గుతుంది, లేబర్ డే తర్వాత రద్దీ తగ్గుతుంది. కాస్త ఆలస్యంగా వెళ్తే, బోడీ వైపు వెళ్లే 395 రోడ్డు వెంట ఆస్పెన్ చెట్లు పసుపు రంగుకి తిరుగుతాయి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో వానలు పడొచ్చు. చెట్టు లేని మైదానంలో మెరుపులు వస్తే వెంటనే కార్లలోకి వెళ్లిపోవాలి.

బే ఏరియా నుంచి దగ్గరి దారులు రెండూ కొండల మీదుగానే. ఒకటి యోసెమిటీలోంచి వెళ్లే టయోగా పాస్, 9,943 అడుగులు. రెండోది 108 నంబరు హైవే మీద సోనోరా పాస్, 9,624 అడుగులు. రెండూ చలికాలం మంచుతో మూతపడి, సాధారణంగా మే చివర లేదా జూన్‌లో తెరుచుకుంటాయి. టయోగా దారైతే యోసెమిటీ ప్రవేశ రుసుము కట్టాలి, కొన్ని ఏళ్లలో ముందస్తు రిజర్వేషన్ కూడా అడిగారు. సోనోరా పాస్ అందంగా ఉంటుంది గానీ నిటారు మలుపులు చాలా ఎక్కువ. కారులో కడుపు తిప్పేవాళ్లుంటే టయోగాయే నయం.

చలికాలంలో బోడీ పార్కు తెరిచే ఉన్నా రోడ్డు మంచులో మూసుకుపోతుంది. స్కీల మీద, స్నోమొబైల్ మీద వెళ్లేవాళ్ల ట్రిప్ అది, మనది కాదు.

4. ఎంతమంది, ఎవరికి ఏ పని

మూడు కార్లు, పన్నెండు నుంచి పద్నాలుగు మంది. అంతకు మించితే రెండు గుంపులుగా చేసి రెండు వేర్వేరు వారాంతాలు పెట్టుకోండి. ఇరవై ఐదు మందిని వెంటేసుకుని ఘోస్ట్ టౌన్‌కి వెళ్తే అది ఘోస్ట్ టౌన్‌లా ఉండదు, తిరునాళ్లలా ఉంటుంది.

పనులు ముందే పంచండి. దారి చూసే ముందు కారు ఒకటి. ఎప్పుడూ అందరికంటే వెనకే ఉండే కారు ఒకటి. ఆ వెనక కారులో ఫస్ట్ ఎయిడ్ పెట్టె, అదనపు నీళ్లు, టైరు సరిచేయడం వచ్చిన మనిషి ఉండాలి. డబ్బు లెక్కలు ఒకరు స్ప్లిట్‌వైజ్ యాప్‌లో చూసుకుంటే చాలు. హోటల్ అడ్వాన్సులు మాత్రం ముందే వసూలు చేయండి. "వస్తాం అన్నా, చూద్దాం" అనేవాళ్లు డబ్బు అడిగే దాకా తేలరు.

ఇంటి దగ్గర ఉండిపోయే ఒక స్నేహితుడికి రాతపూర్వకంగా ప్లాన్ పంపండి: కార్ల నంబర్లు, వెళ్లే రోడ్లు, హోటల్ పేరు, రాత్రి ఎనిమిది లోపు మెసేజ్ రాకపోతే ఏం చేయాలి. ఆ ప్రాంతం మోనో కౌంటీ కిందికి వస్తుంది. వెతకడం, కాపాడడం షెరిఫ్ ఆఫీసు పని. కొత్త ఐఫోన్లలో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంటుంది. గుంపులో ఎవరి ఫోన్‌కి ఉందో కనుక్కుని, డెమో ఒకసారి నడిపి చూడమనండి.

5. మూడు రోజుల ప్లాన్

మొదటి రోజు ప్రయాణమే. ఉదయం ఆరింటికి బయల్దేరితే, ఆగుతూ ఆగుతూ సాయంత్రానికి లీ వైనింగ్ గాని బ్రిడ్జ్‌పోర్ట్ గాని చేరుకుంటారు. రెండూ చిన్న ఊళ్లు, గదులు తక్కువ. సెప్టెంబర్ వారాంతానికి మూడు నెలల ముందే బుక్ చేసుకోవాలి. దొరకకపోతే మామత్ లేక్స్‌లో చూడండి. అక్కడ గదులూ, సరుకుల దుకాణాలూ, ఆసుపత్రీ ఉన్నాయి, కాకపోతే బోడీకి దూరం పెరుగుతుంది.

తొలి రాత్రి అక్కడ పడుకోవడం వెనక అసలు కారణం ఎత్తు. సముద్రమట్టం దగ్గర ఉండే మనం ఒక్కసారిగా 8,400 అడుగులకి వెళ్తే కొందరికి తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, ఆయాసం వస్తాయి. ఆరేడు వేల అడుగుల దగ్గర ఒక రాత్రి గడిపితే చాలామందికి సర్దుకుంటుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే డాక్టర్‌ని అడిగాకే తీసుకెళ్లండి. వాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం ఫోన్‌లో కాదు, కారులో ప్రింట్ తీసి పెట్టండి. బోడీలో ఎవరికైనా తల తిరిగితే నీళ్లు తాగించి నీడలో కూర్చోబెట్టండి. తగ్గకపోతే కిందికి దిగడమే మందు.

రెండో రోజు బోడీ. బ్రిడ్జ్‌పోర్ట్‌కి దక్షిణంగా ఏడు మైళ్ల దగ్గర 395 నుంచి 270 రోడ్డు చీలుతుంది. మూడు కార్లూ ఆ మలుపు దగ్గర ఆగి, లెక్క చూసుకుని కదలాలి, ఆ తర్వాత ఫోన్లు పనిచేయవు. అక్కడినుంచి 13 మైళ్లు, చివరి మూడూ మట్టి, గతుకులు. మామూలు సెడాన్ కూడా వెళ్తుంది, నెమ్మదిగా పోనివ్వాలి అంతే. రెంటల్ కారైతే కాంట్రాక్ట్ ఒకసారి చదవండి. చాలా కంపెనీలు మట్టిరోడ్ల మీద జరిగిన డ్యామేజీకి ఇన్సూరెన్స్ ఇవ్వవు. ఫోన్ మ్యాప్ కొన్నిసార్లు వేరే మట్టిదారులు "షార్ట్‌కట్" అని చూపిస్తుంది. వాటికి లొంగకుండా 270 మీదే వెళ్లండి. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందు రాత్రే దించుకోవాలి.

పార్కు తెరిచే వేళకి గేటు దగ్గర ఉండండి. ప్రవేశ రుసుముకి కొంత నగదు ఉంచుకోండి. వెళ్లిన వెంటనే చేయాల్సిన పని మ్యూజియంలో అడగడం: ఇవాళ స్టాంప్ మిల్ (గని రాయిని పిండిచేసి బంగారం తీసిన మిల్లు) టూర్ ఉందా? ఊరికి తూర్పున కొండవాలు మీద ఉన్న స్టాండర్డ్ మిల్లు గైడ్ లేకుండా చూడలేం, ఆ చుట్టుపక్కలకి వెళ్లడం కూడా నిషేధం. టూర్ దొరికితే మిగతా రోజంతా దాని చుట్టూ సర్దుకోండి, ఎందుకంటే ఊరికి గుండెకాయ అదే.

మూడో రోజు పొద్దున్నే మోనో లేక్, తర్వాత ఇంటి దారి.

6. బోడీలో ఏం చూడాలి

ఊరికే తిరిగితే ఇదంతా పాత కొయ్య ఇళ్ల గుంపు. కాస్త కథ తెలిస్తేనే మజా.

1859లో ఇక్కడ బంగారం కనిపెట్టిన బోడీ అనే మనిషి అదే శీతకాలం మంచుతుపానులో చనిపోయాడు, ఊరి వైభవం చూడలేదు. 1870ల మధ్యలో ఒక గనిలో మట్టి కూలి మేలిమి రాయి బయటపడింది. 1877లో స్టాండర్డ్ కంపెనీ వచ్చింది. మూడేళ్లలో జనం ఎగబడ్డారు. ఆ తర్వాత అంతే వేగంగా దిగిపోయారు. 1932 అగ్నిప్రమాదంలో ఊరు చాలాభాగం కాలిపోయింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, ప్రభుత్వం బంగారు గనుల్ని ఆపించాక ఇక్కడ గని పని కూడా ముగిసింది. 1962లో రాష్ట్ర పార్కు అయింది. కాలిఫోర్నియా ప్రభుత్వం దీన్ని కొత్తగా చేయదు, కూలనివ్వదు. పైకప్పు కారితే సరిచేస్తారు, కిటికీ విరిగితే బిగిస్తారు, రంగు మాత్రం వేయరు. స్వేజీ హోటల్ పక్కకి ఒరిగి కర్రల ఆధారంతో నిలబడింది అందుకే.

మిల్లులో జరిగే పని పిల్లలకి ఇలా చెప్పండి. గని నుంచి వచ్చిన రాయిని బరువైన ఇనుప రోకళ్లతో పిండి చేస్తారు. ఆ పిండిని నీళ్లతో కలిపి, పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారిస్తారు. బంగారం పాదరసానికి అంటుకుంటుంది, మిగతా మట్టి పోతుంది. ఆ ముద్దని వేడిచేస్తే పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. ఆ రోకళ్ల చప్పుడు రాత్రింబవళ్లు ఊరంతా వినపడేది. తర్వాతి కాలంలో మిగిలిపోయిన మట్టిలోంచి కూడా సైనైడ్‌తో బంగారం తీశారు. అందుకే పాత గనుల దగ్గర మట్టి దిబ్బల మీద పిల్లల్ని ఆడనివ్వకండి, తినేముందు చేతులు కడిగించండి.

మనవాళ్లకి ఆసక్తి కలిగించే ముక్క ఇంకోటి. కట్టెల ఖర్చు భరించలేక స్టాండర్డ్ కంపెనీ 1890ల మొదట్లో 13 మైళ్ల దూరంలోని గ్రీన్ క్రీక్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం పెట్టి, తీగల మీద మిల్లుకి కరెంటు తెచ్చింది. అప్పటికి అంత దూరం కరెంటు పంపడం వింత. పదేళ్లకే, 1902లో, మన పక్కనున్న కోలార్ బంగారు గనులకి శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగారు. కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కానీ అక్కడ జనం ఇంకా ఉన్నారు, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ నడుస్తోంది. దాన్ని ఘోస్ట్ టౌన్ అని రీల్స్ చేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

సమయం తక్కువైతే మైనర్స్ యూనియన్ (గని కార్మికుల సంఘం) హాల్లోని మ్యూజియం, బడి, మెథడిస్ట్ చర్చి, బూన్ స్టోర్, శ్మశానం తప్పకుండా చూడండి. చాలా ఇళ్లలోకి వెళ్లనివ్వరు, కిటికీల్లోంచి చూడాలి. అద్దానికి ఫోన్ ఆనించి తీస్తే ఫోటోలో మెరుపు రాదు. డ్రోన్లు, మెటల్ డిటెక్టర్లు నిషేధం.

7. తిండి, బట్టలు, జబ్బులు

బోడీలో తిండి అమ్మరు, గ్యాస్ దొరకదు. టాంకు బ్రిడ్జ్‌పోర్ట్‌లో గాని లీ వైనింగ్‌లో గాని నింపాలి, ధర చూసి గుండె ఆగినా సరే. పులిహోర, చపాతీ రోల్స్, మజ్జిగ డబ్బాలు ఐస్‌బాక్స్‌లో పెట్టుకుంటే పిక్నిక్ బల్లల దగ్గర మధ్యాహ్నం గడిచిపోతుంది. నీళ్లు మనిషికి మూడు లీటర్లకి తగ్గకూడదు. ఎత్తులో గాలి పొడిగా ఉంటుంది, దాహం తెలియదు.

సెప్టెంబర్‌లో కూడా పొద్దున గడ్డకట్టే చలి ఉండొచ్చు, మధ్యాహ్నానికి ఎండ మండుతుంది. పొరలు పొరలుగా వేసుకోమనండి. కాళ్లకి మూసిన బూట్లే, ఎందుకంటే దారి పొడవునా పాత మేకులు, గాజు పెంకులు. ఆంటీలకి చీర ఇష్టమే గానీ ఈ ఒక్కరోజుకి పంజాబీ డ్రెస్సూ బూట్లూ అని ముందే నచ్చజెప్పండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

దారిలో కనిపించే ఇతర పాడుబడ్డ గుడిసెల్లోకి దూరకండి. ఎలుకల రెట్ట దుమ్ము పీలిస్తే హాంటావైరస్ సోకుతుంది. 2012లో యోసెమిటీలో బస చేసినవారిలో పది మందికి సోకి, ముగ్గురు చనిపోయారు. చెక్కల కింద, రాళ్ల సందుల్లో చేయి పెట్టొద్దు, రాటిల్‌స్నేక్‌లు ఉండొచ్చు.

8. ఏమీ తీసుకురాకండి

ఒక మేకు, ఒక సీసా పెంకు, రంగు రాయి, ఏదీ వద్దు. స్టేట్ పార్కులో ఇది నేరం. చుట్టుపక్కల ఉన్న కేంద్ర ప్రభుత్వ భూముల్లో వందేళ్లు దాటిన వస్తువులకి 1979 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. బోడీ నుంచి వస్తువు తెచ్చుకుంటే శాపం తగులుతుందని ఒక కథ ప్రచారంలో ఉంది. దొంగతనాలు ఆపడానికి రేంజర్లే పుట్టించారని అంటారు. నిజమేదైనా, "నా కష్టాలు ఆగాలి, తీసుకోండి" అంటూ పార్సిళ్లు ఏళ్ల తరబడి పార్కుకి వస్తూనే ఉన్నాయి. తిరుగుదారిలో పిల్లల జేబులు ఒకసారి చూడండి, శాపం కోసం కాకపోయినా.

9. చలికాలంలో వెళ్లాలంటే రయోలైట్

డిసెంబర్ సెలవుల్లో గుంపు కదిలితే బోడీ బదులు నెవాడాలో, డెత్ వ్యాలీ పక్కనున్న రయోలైట్ పెట్టుకోండి. 1904లో బంగారం దొరికింది, కొన్నేళ్లలోనే మూడంతస్తుల కాంక్రీటు బ్యాంకు, రైల్వే స్టేషన్ వెలిశాయి. 1911లో ప్రధాన గని మూతపడింది, 1916లో కరెంటు తీసేశారు. ఇప్పుడు బ్యాంకు గోడలు, స్టేషన్, వేల సీసాలతో కట్టిన ఇల్లు మిగిలాయి. బోడీలా ఇక్కడ ఇళ్ల నిండా వస్తువులు ఉండవు, అన్నీ చూడడానికి రెండు గంటలు చాలు. అందుకే దీన్ని డెత్ వ్యాలీ ట్రిప్‌లో ఒక పూటగా పెట్టుకోవడం మేలు.

బస దగ్గర్లోని బీటీ అనే ఊళ్లో, అక్కడినుంచి రయోలైట్ నాలుగైదు మైళ్లే. చుట్టుపక్కల కొండల్లో తెరిచి ఉన్న గనులుంటాయి, మొదటి అడుగులో చెప్పిన రూలు ఇక్కడ కూడా అదే. మే నుంచి సెప్టెంబర్ దాకా ఇటు రావద్దు, ఆ ఎండలో కారు ఆగిపోతే ప్రాణాపాయం. చలికాలంలో కూడా మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, స్పేర్ టైరులో గాలి చూసుకుని, బీటీలోనే గ్యాస్ నింపుకుని డెత్ వ్యాలీలోకి దిగండి. లోపల స్టేషన్లు తక్కువ, దూరాలు ఎక్కువ.